ఉప్పాడ రోడ్డుకు శతకోటి దండాలు

కాకినాడ నుంచి ఉప్పాడ దాకా సముద్రాన్ని ఒరుసుకుంటూ పోయే ఓ బీచ్ రోడ్డూ! నీ దాతృత్వం ముందు శిబి చక్రవర్తి ఏపాటి? ఆయన ఒక్క పావురం కోసం ఒక్కసారే తొడ కోసిచ్చాడు. నువ్వు తుపాను వచ్చినప్పుడల్లా అడక్కముందే ఒళ్లు కోసిస్తావు. 2022లో అసనికి ఇచ్చావు, 2023లో మిచౌంగ్‌కు ఇచ్చావు, 2025లో మొంథాకూ లేదనలేదు.

ఇవ్వడం ఉప్పాడకు కొత్త కాదులే. పాత గుళ్లనూ, రాజుల బంగళానూ కడలికి ఎప్పుడో సమర్పించుకున్న ఊరది. సముద్రానికీ విశ్వాసముంది. తుపాను వెలిశాక ఆడవాళ్లు, పిల్లలు ఒడ్డున తడి ఇసుక జల్లిస్తే బంగారు రవ్వలు దొరుకుతాయంటారు. నీ మీద పోసిన కంకరలో బంగారం ఎవరికి దొరుకుతుందో తెలుసుకోవడానికి మాత్రం జల్లెడ అక్కర్లేదు.

నీ పోషకులూ తక్కువవారు కారు. ఇసుక కుక్కిన జియోట్యూబులు అడ్డం పెట్టించారు. అవి వినయంగా చిరిగి ఒరిగిపోయాయి. తర్వాత బండరాళ్లు పోయించారు. పోటు మీదున్న కెరటం వాటినే ఎత్తి నీ మీద వేసి పుష్పపూజ చేస్తోంది.

గోదావరి మట్టి ఆనకట్టల వెనకే ఆగిపోతోందనీ, హోప్ ఐలండ్ పెరిగేకొద్దీ అలల తాకిడి ఉప్పాడ వైపు మళ్లిందనీ చదువుకున్నవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. వాళ్ల మాట విని కోతకు మందు వేస్తే, వేసినచోటే మళ్లీ తారు వేసే భాగ్యం పోదూ?

నీ భక్తి మరీ గొప్పది. బారికేడ్లు పెట్టిన రోజున కాకినాడ పోయేవాళ్లను పిఠాపురం మీదుగా తిప్పి అక్కడి పాదగయ క్షేత్రం దారి పట్టిస్తావు. పుణ్యం వాళ్లది, అదనపు ఆటో కిరాయీ వాళ్లదే. చేపలమ్మే అమ్మ గంపలో ఐసు కరిగి, సరుకు మెత్తబడి, సగం ధరకు పోతే అది దేవుడి హుండీలో వేసినట్టే!

నీ దానం నీతోనే ఆగితే ఇంకేం కావాలి? నీ పక్కనే గోడలు కూలి గడపలు మిగిలిన ఇళ్లున్నాయి. ఆ ఇళ్లవాళ్లకు దానకర్ణులయ్యే సరదా ఉందో లేదో, ఈసారి టెండరు పిలిచేముందు ఓసారి అడిగి చూడండి మహాప్రభో!