సూరత్‌కు వెళ్ళిన ఓటీపీ తిరిగొచ్చేలోగా

“పదిహేను నిమిషాలు పెట్టెయ్, గొడవుండదు.” వెబ్ అప్లికేషన్లు రాసే పనిలో చేరిన కుర్రాడికి సెషన్ గడువు గురించి సీనియర్లు ఇచ్చే మొదటి సలహా ఇదే. నాకూ ఇచ్చారు. ఈ సలహా, దీని వెంట నడిచే మరికొన్ని, ఎవరి నెత్తిన పడతాయో తెలియాలంటే ఒడిశాలోని గంజాం జిల్లా అస్కాలో దరఖాస్తులు నింపే సెంటర్లో ఒక పూట కూర్చోవాలి.

నేను కూర్చున్న రోజున ఒక తెలుగావిడ కూతురి స్కాలర్‌షిప్ కోసం వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో చేరినా ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఫారం మాత్రం ఇంగ్లీషు. ఆధార్‌కు ముడిపడిన ఫోన్ నంబరు భర్తది. ఆయన సూరత్‌లో మరమగ్గం నడుపుతాడు. గంజాంలో ఏ ఊళ్ళో అడిగినా సూరత్ వెళ్ళిన మనిషి ఒకడుంటాడు. ఓటీపీ అక్కడికి పోయింది. మగ్గాల చప్పుడులో ఫోన్ మోగినా వినబడదు. విరామం దొరికాక ఆయనే చేశాడు. అప్పటికి ఆ ఓటీపీ చెల్లదు గనక, లైన్లో ఉండగానే ఇంకోటి పంపించి, ఆరంకెలూ విని కొట్టారు. బటన్ నొక్కగానే ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు: సెషన్ ఎక్స్‌పైర్డ్. నింపిన నాలుగు పేజీలూ పోయాయి.

“ఏటి బాబూ, మళ్ళీ మొదట్నుంచా?”

“అవును పిన్నీ,” అన్నాడు సెంటరబ్బాయి, తెర మీంచి చూపు తిప్పకుండా. సూరత్‌లో ఆయన అప్పటికే మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ పదిహేను నిమిషాలు ఆవిడను చూసి పెట్టినవి కావు. చాలాచోట్ల అసలు ఎవరూ పెట్టరు, సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన అంకె అలాగే ఉండిపోతుంది. పీహెచ్‌పీలో 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. ఏఎస్‌పీ డాట్‌నెట్‌లో 20, టామ్‌క్యాట్‌లో 30. ఒక ఫారం నింపడానికి నిజంగా ఎంతసేపు పడుతుందో, మధ్యలో ఎవరికి ఫోన్ చేయాలో, ఏ కాగితం ఇంటికెళ్ళి తేవాలో ఆ అంకెలకేం తెలుసు?

రెండో సలహా ఇంకా ప్రమాదం: “గడువు తీరిందా, లాగిన్ పేజీకి పంపెయ్.” వెబ్‌కు పుట్టుకతో జ్ఞాపకం లేదు, ప్రతి క్లిక్కూ సర్వర్‌కు కొత్త మనిషే. అందుకే 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లీ కుకీని తయారుచేశాడు. కుకీ ఒక చీటీ, సెషన్ సర్వర్ దగ్గరున్న ఖాతా. చీటీ చెల్లకపోతే సర్వర్ 302 అని చెప్పి లాగిన్ పేజీకి మళ్ళిస్తుంది. ఆ మళ్ళింపులో ఫారంలో రాసినదంతా జారిపోతుంది. లాగిన్ అయ్యాక మనిషి తేలేది హోమ్ పేజీలో.

మనిషిని గుర్తుపట్టే గడువు వేరు, ఆ మనిషి రాసినదాన్ని దాచే గడువు వేరు. రెంటినీ ఒకే తాడుకు కట్టడమే అసలు తప్పు. ఒక్కో పేజీ పూర్తవగానే ఆ మనిషి ఖాతా కింద సర్వర్లో చిత్తుప్రతిగా దాచండి. సమర్పించేటప్పటికి సెషన్ పోయి ఉంటే మళ్ళించకుండా 401 ఇవ్వండి. ఫారం అక్కడే ఉంచి, దాని మీద చిన్న లాగిన్ పెట్టె తెరవండి. తిరిగి లాగిన్ అయింది అదే మనిషో కాదో తప్పకుండా చూడండి. అవునంటే ఫారం టోకెన్ కొత్తది ఇచ్చి, ఆగిన పని అక్కణ్ణుంచే ముందుకు పంపండి.

ఇదంతా విని కొందరు అవతలి కొసకు పరిగెడతారు: “అయితే నిమిషానికోసారి సర్వర్‌ను పలకరిస్తూ సెషన్‌ను చావకుండా ఉంచుదాం.” వద్దు. ఆ సెంటర్లో కుర్చీ ఒకటే, కూర్చునేవాళ్ళు రోజుకు ఎందరో. పిన్ని లేచి వెళ్ళాక వచ్చినవాడికి ఆమె ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తెర మీద పరచి పెట్టినట్టవుతుంది. చిత్తుప్రతిని బ్రౌజర్‌లోనే దాచమనే సలహాకూ ఇదే జవాబు. సొంత ఫోన్లో ఫరవాలేదేమో, పదిమంది వాడే కంప్యూటర్లో కూడదు. సెషన్ ముగియాల్సిందే. ముగింపు ఆమె కష్టాన్ని మింగకూడదు, అంతే.

ఇక “ముందుగా చెప్తే జనం కంగారుపడతారు, చెప్పకు” అనేది. డబ్ల్యూ3సీ 2008లో ప్రచురించిన వెబ్ మార్గదర్శకాలు సరిగ్గా దీనికి ఎదురు చెబుతాయి. గడువు తీరబోతోందని హెచ్చరించాలి. ఒక్క మీట నొక్కి పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. అలా పదిసార్లైనా కుదరాలి. వాటిలోనే పై స్థాయి నియమం ఇంకోటుంది: మళ్ళీ లాగిన్ అయిన మనిషి ఏమీ పోగొట్టుకోకుండా పని కొనసాగించగలగాలి. నన్నడిగితే 20 సెకన్లు చాలవు. కళ్ళజోడు వెతుక్కునే వయసువాళ్ళకు రెండు నిమిషాలివ్వండి. హెచ్చరిక ఒడియాలో ఉండాలి, తెలుగు ఎంచుకునే వీలుండాలి: “మీరు రాసినవి భద్రంగా ఉన్నాయి. మళ్ళీ లాగిన్ అయితే ఇక్కణ్ణుంచే కొనసాగించవచ్చు.” మొదటి వాక్యం మొదటే రావాలి. ఆవిడ గుండె కుదుటపడేది దానితోనే.

ఇలాంటి ఫారాలు రాసే కుర్రాళ్ళను ఒక్కటి అడుగుతున్నాను. మీ ఫారాన్ని సగం నింపండి. ఊళ్ళో లేని మనిషికి ఓటీపీ పంపండి. ఆయన ఫోన్ ఎత్తేదాకా ఆగండి, ఎంతసేపైనా సరే. తర్వాత సమర్పించు అనే బటన్ నొక్కి, తెర మీద ఏమొచ్చిందో మీ అమ్మకు చదివి వినిపించండి.