గజాల్లో నేల, నిమిషాల్లో దూరం

హైదరాబాద్ చుట్టుపక్కల నేలను గజాల్లో అమ్ముతారు, దూరాన్ని మాత్రం నిమిషాల్లో చెబుతారు. కిలోమీటరు అనే మాట ఈ వ్యాపారంలో బూతు. ఎయిర్‌పోర్టుకు ఇరవై నిమిషాలు, ఔటర్‌కు ఏడు, ఐటీ కారిడార్‌కు ముప్పై అని బ్రోచర్ చెబుతుంది. ఆ నిమిషాలు ఎవరివో, ఏ బండివో, ఏ వేళవో చెప్పదు. నేను లెక్కేసి చూశాను. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరి, దారిలో గేదెలు అడ్డం రాకపోతే, టోల్‌గేటువాడు మన మేనమామ అయితే కుదరొచ్చు. పైగా 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్‌ను రానివ్వరు. ఆ ప్లాటుకు వాయిదాలు కట్టే గుమాస్తాకు ఉన్నది టూవీలరే.

ఈ కబుర్లు నాకు మా బామ్మర్ది ద్వారా చేరతాయి. పగలు ఉద్యోగం, ఆదివారం ప్లాట్లు. "బావా, ఇప్పుడు తీసుకోకపోతే జన్మలో తీసుకోలేవు" అంటాడు. 2016లో ఇదే అన్నాడు, 2019లోనూ అన్నాడు, మొన్నా అన్నాడు. అతని లెక్కన నాకిది మూడో జన్మ.

ఎటువైపు కొనాలన్నదానికి అతని దగ్గర ఒకటే సిద్ధాంతం: "డెవలప్‌మెంట్ అటే వస్తోంది బావా." షాద్‌నగర్ వైపు వస్తోంది, యాదగిరిగుట్ట వైపు వస్తోంది, సదాశివపేట వైపూ వస్తోంది. పండగనాటి ఉత్సవ విగ్రహంలా నాలుగు వీధులూ తిరుగుతూనే ఉంది, ఏ గుమ్మం ముందూ ఆగడం లేదు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఇక చూడండి, జడ్చర్ల దాకా ఉన్న ప్రతి చెలకా కోకాపేటకు చుట్టమైపోయింది.

ముచ్చర్ల వైపు కథ ఇంకా బాగుంటుంది. మొదట అక్కడ ఫార్మా సిటీ అన్నారు, ఆ పేరుతో చుట్టూ ప్లాట్లు అమ్మారు. ప్రభుత్వం మారింది, ఫ్యూచర్ సిటీ అన్నారు, ఆ పేరుతోనూ అమ్మారు. మందుల కంపెనీల పక్కన ఉండటం నిన్న లాభం, అవి లేకపోవడం నేడు లాభం. ఆంధ్రావాళ్లకు ఇది కొత్తేం కాదు. 2014లో రాజధాని ఎక్కడో తేలకముందే దొనకొండలో ఒకరు, నూజివీడులో ఒకరు పుకారుకు అడ్వాన్సులు ఇచ్చి వచ్చారు. రాజధాని అమరావతికి వెళ్లింది. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్న మాట వినగానే అక్కడి ధరలూ నీరుగారాయి.

అయినా ఎందుకు కొంటాం? దీని మూలం మాదాపూర్‌లో ఉంది. హైదరాబాద్‌తో పరిచయమున్న ప్రతి ఇంట్లో ఒక బాబాయి ఉంటాడు. సైబర్ టవర్స్ రాకముందు, అంటే 1998కి ముందు, "అక్కడ రాళ్లు తప్ప ఏమున్నాయిరా" అని వద్దన్న బాబాయి. ఆయన మీద కసి తీర్చుకోవడానికి ఆ ఇంట్లో రెండు తరాలు కనపడిన రాళ్లన్నీ కొంటూ వస్తున్నాయి. ఆ రోజుల్లోనే మరో దిక్కున కొని, ఇప్పటికీ ఏటా వెళ్లి హద్దురాళ్లకు సున్నం కొట్టి వచ్చే పెదనాన్న కూడా ప్రతి ఇంట్లో ఉంటాడు. ఆయన ఊసు పెళ్లిళ్లలో ఎవరూ ఎత్తరు.

"చెరువు కనిపించే ప్లాట్లు" అని ఒక రకం ఉంది. వానాకాలంలో చెరువే లేచి వచ్చి మనల్ని చూసిపోతుంది. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. కొన్నవాడికి అది తెలియదు, అమ్మినవాడు చెప్పడు, చెరువుకు మాత్రం బాగా గుర్తు. 2024లో చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా బుల్‌డోజర్లు వచ్చాకే చాలామంది ఆ మూడక్షరాలు నేర్చుకున్నారు. ఇక స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కాకుండా అమ్మకూడదని 2016 నాటి చట్టం చెబుతుంటే, దానికి మనవాళ్లు కనిపెట్టిన విరుగుడు "ప్రీ లాంచ్". చట్టానికి ముందే పుట్టేశాం కాబట్టి చట్టం వర్తించదన్న ధీమా కాబోలు.

కిందటి నెల బామ్మర్ది పోరు పడలేక సైట్ విజిట్‌కు వెళ్లాను. ఏసీ బస్సు, బిర్యానీ. ముందు తిరుమల గోపురమంత ఆర్చి, వెనక పొద్దుతిరుగుడు చేను. ఈశాన్యం పెరిగిన ప్లాటు ఏదని, తూర్పు ఫేసింగ్ మిగిలిందా అని, రెండేళ్లలో రెట్టింపవుతుందా అని అందరూ అడిగారు. మంచినీళ్లు ఎక్కడివి, బడి ఎక్కడ అని ఒక్కరూ అడగలేదు. అడగడం దేనికి? వచ్చిన నలభై మందిలో అక్కడ ఇల్లు కట్టే ఉద్దేశం ఉన్నవాడు లేడు. మనం కొన్నది ఇంకొకడికి అమ్మాలి, వాడు మరొకడికి అమ్మాలి, ఆ చివరివాడు ఎవడో వచ్చి పొయ్యి వెలిగించాలి. ఆరేళ్ల కింద వేసిన మొదటి ఫేజ్‌లో వేపచెట్లు ఏపుగా పెరిగాయి. ఇల్లు మాత్రం ఒక్కటే ఉంది, అది వాచ్‌మన్ రేకుల గది.

బిర్యానీ తిని చెయ్యి కడుక్కుందామని ఆ వాచ్‌మన్ దగ్గరికి వెళ్లాను. చెంబులో సగం పోసి ఆపేశాడు.

"ఈడ బోరు పడలే సార్. పోయేటప్పుడు నన్ను జర మెయిన్ రోడ్డు కాడ దింపుతరా? నీళ్ల క్యాన్లు తెచ్చుకోవాలె."

"ఎంత దూరం?" అన్నాను.

"తొమ్మిది కిలోమీటర్లు సార్."