అడగని కాగితం

పంజరంలో పిట్ట కనబడిందంటే, దానికి ఎవరో ఎక్కడో అనుమతి ఇచ్చే ఉంటారని ఏళ్ల తరబడి నమ్మాను. మిర్యాలగూడ బజారులో లవ్‌బర్డ్స్ పేరుతో ఆస్ట్రేలియా చిలకలను బాహాటంగానే అమ్ముతారు. అవి పంజరాల్లోనే పుట్టి పెరిగేవి, వన్యప్రాణి చట్టం జాబితాలో లేనివి. వాటికి లేని అడ్డు మన పిట్టలకు మాత్రం ఎందుకుంటుందిలే అనుకున్నాను.

దసరా నాడు మా త్రిపురారంలో జమ్మికి పోయినవాళ్లు పాలపిట్టను చూసే ఇంటికి రావాలి. అజ్ఞాతవాసం ముగించి వస్తున్న పాండవులకు కనబడిందని పెద్దల మాట. వాళ్లకు కనబడింది స్వేచ్ఛగా ఎగిరే పిట్ట. సాగర్ ఎడమ కాలువ కింది పొలాల్లో, కరెంటు తీగల మీద కూర్చుని పురుగుల కోసం కాచుకుంటుంది. కాసేపు నిలబడితే మనకూ కనబడుతుంది. నేను నిలబడలేదు. పంజరంలో పాలపిట్టను పట్టుకొచ్చినాయన "పర్మిషన్ ఉన్నది సారూ, దండం పెట్టుకో" అంటే, కాగితం ఏదని అడగకుండానే డబ్బులిచ్చాను. మరో ఏడాది పుణ్యం వస్తుందని పిట్టనే కొని వదిలిపెట్టాను. రెక్కలకు కట్టిన దారం విప్పినా ఎగరలేక అది గట్టు మీద గెంతుతూ పోయింది. అయినా మంచి పని చేశాననే ఇంట్లో చెప్పుకున్నాను. నా డబ్బుతో ఆయన ఇంకో పిట్టను పట్టుకొస్తాడన్న ఆలోచనే రాలేదు.

ఆయన చెప్పిన కాగితం అసలు లేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం పిట్టను పట్టడం, వల వేయడం, గుడ్లు, గూళ్లు పాడుచేయడం అన్నీ వేటే. అనుమతి ఇవ్వగలిగింది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్. అదీ రాతపూర్వకంగా, పరిశోధన, జూ, పంట నష్టం లాంటి కొద్ది కారణాలకే. దసరా దర్శనం వాటిలో లేదు. మన దేశపు పక్షుల వ్యాపారాన్ని 1990-91లోనే నిషేధించారు. నన్ను నిలదీసింది మాత్రం ఆ చట్టంలోని 52వ సెక్షన్: నేరానికి తోడ్పడినవాడు నేరం చేసినవాడితో సమానమే. పుణ్యమనుకుని నేనిచ్చిన డబ్బు ఆ తోడ్పాటే.

తెలంగాణ వచ్చిన 2014లోనే పాలపిట్టను రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నాం. పట్టేవాళ్లు పేదవాళ్లు, వాళ్ల మీద నాకు కోపం లేదు. కొనేవాళ్లం మేమున్నామనే కదా పండగ ముందు వలలు తీస్తారు. ఈసారి జమ్మి దగ్గరికి పంజరం వస్తే అటవీ శాఖకు ఫోన్ చేస్తాను. బేరం మాత్రం ఆడను, విడిపించడానికైనా సరే.