పార పట్టని రైతు

ఆక్లండ్‌లో తెలుగువాళ్ళున్న ప్రతి పేటలోనూ ఈయన ఒకడుంటాడు. వారమంతా కంప్యూటరు పని, శనాదివారాలు వ్యవసాయం. మీరు కొత్త ఫ్రిజ్ కొన్నారని తెలిస్తే ఎన్ని లీటర్లదనీ, ఎంత పడిందనీ అడగడు. "అట్టపెట్టె ఉందా, పారేశారా?" అంటాడు. ఉందంటే అరగంటలో మీ గుమ్మంలో దిగుతాడు. అక్కడే చతికిలబడి, పెట్టెకున్న ప్లాస్టిక్ టేపు గోళ్ళతో పీకుతూ మొదలెడతాడు: "నేల తవ్వడం మహాపాపమండీ!"

ఆయన లెక్కలో మట్టి కింద ఓ ఊరుంది. వానపాములు, బూజు పోగులు, కంటికి ఆనని సూక్ష్మజీవులు ఎవరి పని వాళ్ళు చేసుకుంటుంటే, మనం పార పట్టుకెళ్ళి వాళ్ళ కొంపలు కూలుస్తున్నామట. అందుకని గడ్డి మీదే అట్టలు పరవాలి, అంచు మీదికి అంచు జానెడు ఎక్కేలా. బాగా తడపాలి. వెలుతురందక కింద గడ్డి చస్తుంది, అట్ట నాని చివికితే వానపాములు పైకొస్తాయి. దాని మీద మాగిన గుర్రపు పేడ, ఆపైన బఠానీ గడ్డి, గొర్రె ఎరువు గుళికలు, మళ్ళీ గడ్డి, చిట్టచివర కంపోస్టు. అమెరికాలో రూత్ స్టౌట్ 1955లోనే నడుంనొప్పి లేని తోటపని గురించి పుస్తకం రాసిందనీ, సిడ్నీలో ఎస్తర్ డీన్స్ 1977లో రాసిందనీ, జపాన్‌లో ఫుకుఓకా దుక్కి మానేసి వరి పండించాడనీ ఆయన చెప్పుకుపోతుంటే మీ కాఫీ చల్లారిపోతుంది.

నన్నడిగితే ఆ వైరాగ్యం పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. ఆక్లండ్‌లో చాలాచోట్ల నేల బంకమట్టి. చలికాలంలో పారకి అంటుకుని వదలదు, ఎండాకాలంలో పారని దిగనివ్వదు. కొత్త ఇంట్లో మొదటి ఏడు ఈయన పార కర్ర విరగ్గొట్టాడనీ, అహింస ఆ మర్నాటి నుంచే మొదలైందనీ వాళ్ళావిడ చెబుతుంది.

తవ్వడం తప్పింది గానీ మోత తప్పలేదు. గేటు దగ్గర డబ్బుల డబ్బా పెట్టి సంచుల్లో గుర్రపు పేడ అమ్మే రోడ్లన్నీ ఆయనకు కంఠతా. డిక్కీలో పేడ, వెనక సీట్లో పిల్లలు, నాలుగు కిటికీలూ బార్లా. కంపోస్టు సంచి విప్పేటప్పుడు మాత్రం మాస్కూ గ్లవుజులూ వేసుకుంటాడు. అందులో ఉండే లెజియోనెల్లా బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్ని పట్టుకుంటే ప్రాణం మీదికొస్తుందని సంచుల మీదే హెచ్చరిక ఉంటుంది. ఈ ఒక్క చాదస్తాన్నీ ఎవరూ వెక్కిరించకూడదు. ఖర్చు మాటెత్తితే మాత్రం కార్బన్, నైట్రోజన్ నిష్పత్తిలోకి జారుకుంటాడు. టమాటా ఒక్కోటి ఎంతకి పడిందో వాళ్ళావిడకు తెలుసు.

ఆమధ్య గుంటూరు జిల్లా నుంచి తండ్రిగారొచ్చారు. చెప్పకుండా విత్తనాలు తెస్తే విమానాశ్రయంలో 400 డాలర్ల జరిమానా అని బెదిరించడంతో గోంగూర విత్తనాలు ఇంట్లోనే వదిలేసి వచ్చిన మనిషి, అసలే గుర్రుగా ఉన్నారు. పెరట్లోకెళ్ళి కొడుకు కష్టం చుట్టూ ఓ ప్రదక్షిణ చేశారు.

"మడి ఏదిరా?"

"ఇదే నాన్నా."

"ఇది వామి కదరా! దున్నకుండా పండేటట్టయితే మీ తాత ఆ ఎడ్లనెందుకు మేపాడంటావ్?"

మర్నాడు కొడుకు ఆఫీసుకెళ్ళగానే ఆయన పక్కింటి దొరగారి పార అడిగి తెచ్చి కంచె వారన ఓ చారెడు నేల తవ్వేశారు. అక్టోబరు ఆఖర్లో లేబర్ డే సెలవులకి ఊరంతా టమాటా నారు నాటింది, వీళ్ళు రెండు పక్షాలుగా నాటారు. గోంగూర విత్తనాలు ఇక్కడి స్నేహితులే ఇచ్చారు, అవీ రెండుచోట్లా పడ్డాయి. కొడుకు మడిలో గడ్డినంతా నల్లపిట్టలు చెల్లాచెదురు చేశాయి, మడి సగానికి కుంగింది, అంచుల్లోంచి కికుయు గడ్డి పాక్కుంటూ లోపలికొచ్చింది. తండ్రి మడిలో పిట్టలకి పనిలేదు గానీ, రోజూ రెండుపూటలా నీళ్ళు పొయ్యాల్సొచ్చింది. ఎవరి గోంగూర గొప్పదో తేలకముందే కోడలు రెండూ కలిపి పచ్చడి నూరేసింది.

నిరుడు మా ఇంటి గృహప్రవేశానికి ఈయన పురోహితుడి కన్నా ముందొచ్చాడు. సోఫా పెట్టె, టీవీ పెట్టె, మంచం పెట్టె మడిచి కారెక్కించాక గానీ కాళ్ళు కడుక్కోలేదు. భోజనాలు అరటాకుల్లో అని తెలిసి మొహం వెలిగిపోయింది. నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించి, "ఎంగిలాకులు ఎత్తే పని ఇంకెవరికీ చెప్పకండి, బావగారూ" అన్నాడు.