పదేళ్లు వెనక్కి ఎవడికి కావాలి?

మా రోజుల్లో ప్రకటనలు అబద్ధాలు ఆడలేదని నేననను. ఆడేవి. నేను పుట్టకముందే, 1941లో, సినిమా తార లీలా చిట్నీస్ బొమ్మ వేసి లక్స్ సబ్బు అమ్మారు. అది రుద్దుకుంటే లీలా చిట్నీస్ అయిపోతామని మా అమ్మ గానీ పిన్నులు గానీ ఏనాడూ అనుకోలేదు. మురికి వదిలితే చాలు. పండగపూట ఒంటికి నలుగు, మొహానికి కాస్త ఆఫ్ఘన్ స్నో. ఆ స్నో డబ్బా ఎవరి వయసు జోలికీ వెళ్లేది కాదు.

ఇప్పుడో! మా మనవరాలు తెచ్చే పత్రికల్లో సగం పేజీలు వయసు మీద యుద్ధమే. ఏజీ ఆఫీసులో ఆడిట్ చేసినవాణ్ణి, రాసింది రాసినట్టు చదవడం నా జబ్బు. ‘ముడతలు తగ్గినట్టు కనిపిస్తాయి’ అన్నారంటే తగ్గవనేగా? ఇంత శాతం మంది స్త్రీలు మెచ్చుకున్నారని తాటికాయంత అక్షరాల్లో వేస్తారు. ఎంతమందిని అడిగారన్నది అట్టడుగున, భూతద్దానికి కూడా లొంగదు. ఇలాంటి వోచరు మా టేబుల్ మీదికొస్తే అభ్యంతరం రాసి తిప్పి పంపేవాళ్లం.

లాంకోమ్ కంపెనీ వాళ్ల జెనిఫిక్ సీరం అయితే ఏకంగా జన్యువులనే ఉత్సాహపరుస్తుందని చెప్పుకుంది. ‘‘ఈ బట్టతల మా నాన్న ఇచ్చిన జన్యువేనమ్మా, దీనిక్కూడా పూయొచ్చా?’’ అని అడిగాను.

‘‘తాతయ్యా, అది మొహానికి!’’

జన్యువుకి మొహమేమిటి, నడినెత్తేమిటి? నవ్వింది గానీ జవాబు చెప్పలేదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కీ జవాబు దొరికినట్టు లేదు. సరైన రుజువు లేకుండా జన్యువుల కబుర్లు చెప్పొద్దని 2014లో లాంకోమ్ సొంతదారు లోరియాల్ అమెరికా శాఖని ఒప్పించింది. సీసా 132 డాలర్ల దాకా అమ్మారట, అప్పటి లెక్కన 8 వేల రూపాయలకి దగ్గర. ఆ డబ్బుతో వీధి మొత్తానికీ నలుగు పెట్టొచ్చు.

బొమ్మల సంగతి సరేసరి. 2009లో బ్రిటన్‌లో ఓలే క్రీముకి ఒకప్పటి మోడల్ ట్విగ్గీ ఫొటో వేశారు. ఆవిడకి ఆ ఏడాదే 60 నిండాయి. కళ్ల కింద ముడతలు కంప్యూటర్‌లో చెరిపేశారని అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ తప్పుపట్టింది. 2011లో హాలీవుడ్ తార జూలియా రాబర్ట్స్ ఉన్న లాంకోమ్ ప్రకటననీ ఆపించింది. ఆవిడకి 43, పైగా జూలియా రాబర్ట్స్! ఇవన్నీ చదివాక నాకు అర్థమైందొకటే: ఆ క్రీములు రాయాల్సింది మొహానికి కాదు, ఫొటోకి.

మొన్న మనవరాలు ఓ క్రీము డబ్బా తెచ్చింది, ‘పదేళ్లు వెనక్కి’ అని. నాకిప్పుడు 78. మాలాంటి కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకి 80 నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం అదనం, 85కి 30 శాతం. అలా పెరిగి పెరిగి నూరేళ్లు నిండితే మూల పెన్షన్ రెట్టింపు. ముడతలకి ఎదురు డబ్బిచ్చే పథకాన్ని వదులుకుని, నా జేబులోంచి పెట్టి 68కి పోవాలా? ఆపైన నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం ఫోన్ ముందు మొహం పెట్టాలి. ఆధార్‌లో ముసలి మొహం, ఎదురుగా క్రీము మొహం అయితే నేను బతికే ఉన్నానని ఆ ఫోనెలా ఒప్పుకుంటుంది?

మనవరాలికి అదే చెప్పాను. ‘‘ముందుకి తోసే క్రీమేదైనా వస్తే చెప్పు తల్లీ. రెండేళ్లకి సరిపడా చాలు, చిన్న డబ్బా తీసుకో.’’