ఆంగ్ల సాహిత్య పరిభాషను ప్రయోగించు విధము

ఛత్రపురమునుండి బరంపురమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరము. ఉదయవేళ బస్సులో చోటు దొరకక, ఒకచేత పైకమ్మిని, రెండవచేత జిరాక్సు నోట్సును పట్టుకొని, పెదవులు మాత్రమే కదలించుచు పోవు ఆంగ్ల సాహిత్య విద్యార్థులను మన ప్రాంతమున చూడనివారుండరు. ఇంట తెలుగును, వీధిలో ఒడియాను, పరీక్షలో ఇంగ్లీషును మోయవలసిన ఈ బాలబాలికలకు అదనముగా కావ్యములను చదువు భారమును కూడ పెట్టుట నిర్దయ యగును గనుక, పారిభాషిక పదముల సాయముననే డిగ్రీ గట్టెక్కు విధానమును లోకోపకారార్థము ఇందు వివరించుచున్నాను.

ఈ శాస్త్రమునకు ఆదిగురువు గిరీశము. 1897లో అచ్చుపడిన కన్యాశుల్కమున, తల్లి ముచ్చట తీర్చుటకై గురుశిష్యులు నోటికివచ్చిన ఇంగ్లీషును అర్థముతో పనిలేక పరస్పరము విసరుకొనగా, ఆ యిల్లాలు కొడుకు చదువు సాగుచున్నదని సంతసించెను. వినువారి కర్థము కానంతవరకే విద్యకు గౌరవమను రహస్యము నాతడు మనకంటె ఎంతో ముందుగనే కనిపెట్టెను. మొదట ఆయనను స్మరించి పని మొదలిడవలెను.

ప్రథమ నియమము: పద్యమును చదువరాదు. చదివినచో అభిప్రాయము కలుగును. కలిగిన అభిప్రాయము ఐదు మార్కుల ప్రశ్నలో ఇముడదు. మన తీరమున మొగలిపూలనుండి అత్తరు తీయు పద్ధతి విదితమే కదా! పూలను నీటితో కూడ రాగిపాత్రలో నుంచి, మూతిని మట్టితో బిగించి, వెదురుగొట్టము గుండ ఆవిరిని పంపి, ఆ పరిమళమును చందనతైలమున బంధింతురు. చందనము ప్రియమైనచో పారఫిన్ తైలముతోనే సరిపుచ్చుదురు. కీట్సు పొదయందుండగా, గైడు వ్రాసినవారు మీకు పారఫిన్‌లో దించి యిచ్చినదే నోట్సు. పొదలోనికి పోయి ముండ్లు గ్రుచ్చుకొనుట బుద్ధిమంతుని లక్షణము కాదు.

ఇక పదములను ఏరుకొను క్రమము. సిమిలీ, మెటఫర్, అలిటరేషన్ మున్నగు వానిని తాకకుండుట మేలు. ఉపమ, రూపకము, అనుప్రాసము అని తెలుగు మాస్టారు బెత్తము చూపి వల్లె వేయించిన సరకే యిది గనుక దీనియందు గాంభీర్యము లేదు. అప్పయ్య దీక్షితుడు కువలయానందమున నూటికి పైబడిన అలంకారములకు లక్షణములు చెప్పినాడని పొరపాటున నైనను సమాధానపత్రమున వ్రాయకుడు. దారి తప్పి సంస్కృత శాఖనుండి వచ్చినవాడని మిమ్ము అనుమానింతురు.

విదేశమున పుట్టి, ఒక పెద్దమనిషి పేరు వెనుక తగిలించుకొని వచ్చిన పదములే శ్రేష్ఠములు. వానిని పుట్టించినవాడు దేనికొరకు పుట్టించెనో దానికి సరిగా వ్యతిరేకముగా వాడుట మన విశ్వవిద్యాలయ సంప్రదాయము, దానిని భంగపరుపరాదు. చూడుడు: ‘పథెటిక్ ఫాలసీ’ యను మాటను రస్కిన్ 1856లో, ప్రకృతికి మన శోకమును అంటగట్టు కవులను మందలించుటకై కల్పించెను. గోపాలపురపు కడలి దుఃఖముతో ఘోషించుచున్నదని వ్రాయువాడు రెండవ తరగతి కవి యని ఆయన మతము. మనమో, ‘కవి యిచ్చట పథెటిక్ ఫాలసీని అత్యంత మనోహరముగా పోషించినాడు’ అని వ్రాసి రెండు మార్కులు గడింతుము. రస్కిన్ వచ్చి పేపరు దిద్దడు గదా!

ఇంతకంటె రుచికరమైనది ‘ఆబ్జెక్టివ్ కోరిలేటివ్’. ఎలియట్ 1919లో హామ్లెట్‌ను గూర్చి వ్రాయుచు, ఆ నాయకుని మనసులోని సంక్షోభమునకు తగిన వస్తువులు గాని సంఘటనలు గాని నాటకమున లేవనియు, అందుచేతనే అది కళగా విఫలమైనదనియు తీర్పు చెప్పుటకు ఈ పదమును ప్రచారములోనికి తెచ్చెను. ఉత్తమ విద్యార్థి దీనిని హామ్లెట్‌ను గూర్చిన సమాధానముననే, షేక్స్‌పియరు దీనియందు సిద్ధహస్తుడని ప్రశంసించుచు వాడును. ఎలియట్ పేరును క్రింద గీత గీసి వ్రాయవలెను. గీతకు రూళ్లకర్ర వాడినచో మరింత శోభ.

‘నెగటివ్ కేపబిలిటీ’ సంగతి వేరు. కీట్సు 1817 డిసెంబరులో తన తమ్ములకు వ్రాసిన యొక ఉత్తరమున ఈ మాటను వాడెను. సందేహములలో, రహస్యములలో, హేతువుకొరకు ఆతురపడక నిలువగల శక్తియని ఆయన భావము. పరీక్షయందు దీనికి నిస్సందేహమైన నిర్వచనమును నాలుగు వాక్యములలో, రెండు ఉదాహరణలతో వ్రాయవలసియుండును. ‘నాకు సందేహముగా నున్నది’ అని వ్రాసి వచ్చిన విద్యార్థి కీట్సును గ్రహించినవాడే కావచ్చును గాని, వాని కేమి ఫలము? సప్లిమెంటరీ.

మెటానమీకి ఉదాహరణలు మన జిల్లాలో త్రోవ ప్రక్కనే దొరకును. ‘ఛత్రపురమువా రొప్పుకొనలేదు’ అని పల్లెవాడనినచో, ఒప్పుకొననిది ఊరు కాదు, కలెక్టరు కచేరీ. ఆ మాటకు వచ్చిన, జిల్లాకు పేరిచ్చినది ఋషికుల్య యొడ్డునున్న గంజాము, జనసమ్మర్దము బరంపురమున, అధికారము ఛత్రపురమున. అయినను ఇట్టివి వ్రాయకుడు. రాజునకు బదులు కిరీటము అని గైడులో నున్నది, అదియే వ్రాయుడు. ఈ జిల్లా 1936లో మద్రాసు రాజధానినుండి ఒడిశాకు మారినది, 1967లో బరంపురమున విశ్వవిద్యాలయము వెలసినది, దేశమున రాజులే లేకుండ పోయిరి. గైడులోని కిరీటము మాత్రము చెక్కు చెదరలేదు.

ఐరనీ విషయమున మరింత జాగ్రత్త వలయును. నాటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో కూర్చుండి, గిడుగు రామమూర్తిగారు గ్రాంథికభాషపై జీవితాంతము పోరాడిరి. పర్లాకిమిడిని ఒడిశాలో చేర్చగా ఇల్లు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ఆయన నడచిన జిల్లాయందే, ఆయన వలదన్న ‘వలయును’లతోనే, ఈ ఉపదేశము సాగుచున్నది. దీనిని మీరు గమనించి నవ్వినచో ఐరనీ తెలిసినట్లే గాని, నవ్వుటకు మార్కులు లేవు. ఐరనీ మూడు విధములని వ్రాసి, మూడింటికి అంకెలు వేసి, ముఖము గంభీరముగా నుంచుకొనుడు.

మౌఖిక పరీక్షకు బయటినుండి వచ్చు పరీక్షకుడు అప్పుడప్పుడు ప్రమాదకరుడై, ‘అమ్మాయీ, నీవు చెప్పినది పద్యములో ఏ పంక్తియందున్నది?’ అని అడుగును. ఇది మర్యాద యెరిగినవా రడుగు ప్రశ్న కాదు. బెదరక, ‘అచ్చట ఆంబిగ్యుయిటీ కలదండీ’ యనవలెను. ఎంప్సన్ 1930లో దీనిని ఏడు విధములుగా విభజించి గ్రంథము వ్రాసెను. ఏ విధమని వారు తిరిగి అడిగినచో ‘నాలుగవది’ యనుడు. మొదటిది అందరికి తెలియును, చివరిది కొందరికైన తెలియును. నాలుగవది యేదో వెంటనే చెప్పగల పరీక్షకుడు అరుదు, చెప్పగలిగినను తనకే సందేహము కలిగి టీ తెప్పించుకొనును.

ఫలితములు వెలువడిన పిదప పాఠ్యపుస్తకము నేమి చేయవలెనను ప్రశ్న మిగులును. దానిని ఇంట నుంచుకొనినచో ఏ వేసవి మధ్యాహ్నమో కరెంటు పోయినపుడు తెరచి చదువు అపాయమున్నది గనుక, వెంటనే బరంపురమున పాతపుస్తకముల దుకాణమునకు చేర్చుడు. గైడు నలిగి చినిగియుండుటచే దానికి సగము ధర కూడ రాదు. పాఠ్యపుస్తకమునకు మాత్రము, పెన్సిలు గీతయైనను పడక క్రొత్తదివలె నుండుటచే, బేరమాడి మంచి ధర రాబట్టవచ్చును.