వాలిన రెప్పకు పండగ ఆఫర్

నలభై దాటిన ముఖంలో కొత్త దోషి దొరికింది: పైకనురెప్ప. జుట్టుకు రంగేశాం, పొట్టకు బెల్టేశాం, ఇక మిగిలింది అదేగా! పండగొస్తే చాలు, స్కిన్ క్లినిక్కులు చీరల కొట్లలా రెండు రెప్పల ఆపరేషన్‌కు కలిపి తగ్గింపు ధర ప్రకటిస్తున్నాయి.

ఆ ప్రకటనల్లోని జంట ఫోటోలను ఓసారి నిదానంగా చూడండి. ‘ముందు’ ఫోటోలో లైటు నెత్తిమీద నుంచి పడుతుంది, గడ్డం కిందికి, ముఖంలో అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డ కళ. ‘తరవాత’ ఫోటోలో లైటు ఎదురుగా, పెదాలకు రంగు, కనుబొమలు పైకి, పళ్లన్నీ కనిపించే నవ్వు. ఏమాటకామాటే, కత్తి పెట్టకుండానే సగం రెప్ప లేచింది. ఆ ఫీజేదో ఫోటోగ్రాఫర్‌కే ఇచ్చి ఇంటికి పోవచ్చు.

కత్తంటే భయపడేవాళ్లకు సీరం ఉంది. రెప్పను పైకి లాగేది లెవేటర్ అనే కండరం. కంటిగుంత లోపలి నుంచి వచ్చి పల్చటి పొరతో రెప్పను పట్టుకుని ఉంటుంది. వయసు మీద పడితే ఆ పట్టు సడలుతుంది. ఏళ్ల తరబడి గట్టి రకం కాంటాక్ట్ లెన్సులు పెట్టి తీసినా సడలుతుంది. రెప్ప మీద రాసిన ఆ సీరం లోపలి పట్టును బిగిస్తుందట! బయట సున్నం కొడితే ఇంట్లో విరిగిన దూలం అతుక్కున్నట్టు. నిజంగా రెప్ప లేపే చుక్కల మందు ఒకటుంది, ఆక్సీమెటజోలిన్. అమెరికాలో 2020లో అనుమతి వచ్చింది. లేపేది మిల్లీమీటరు అటూ ఇటూ, అదీ కొన్ని గంటలే. ఇంత నిజం చెబితే సీరం కొనేదెవరు?

రెప్ప అడ్డొచ్చి, గడ్డం పైకెత్తి, నుదురు ముడిచి బస్సు బోర్డు చదువుకునే పెద్దాయనకు ఆపరేషన్ నిజంగా వరమే. రెప్పను టేపుతో ఎత్తి ఒకసారి, ఎత్తకుండా ఒకసారి చూపు పరిధి కొలిస్తే అవసరం ఎంతో తేలిపోతుంది. ఆఫర్ గడువు రేపటితో ముగుస్తుంటే ఇంత తీరికెక్కడిది? చర్మం కోసేయడమే. కాస్త ఎక్కువ కోస్తే నిద్రలోనూ కన్ను పూర్తిగా మూతపడదు, పొడిబారి మండుతుంది. ఎప్పుడూ మెలకువగా కనిపిస్తారని ప్రకటనలో ముందే చెప్పారుగా!

రెప్ప పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి వాలుతోందా అని కౌంటర్లో ఎవరూ అడగరు. అది మయస్థీనియా అనే కండరాల జబ్బు కావచ్చు, ముందు కావాల్సింది మందులు. ఉన్నట్టుండి ఒక రెప్పే వాలి, తలనొప్పితో ఒకటి రెండుగా కనిపిస్తూ ఆ కంటిపాప పెద్దదైతే, మెదడులో రక్తనాళం ఉబ్బి నరాన్ని నొక్కుతుండొచ్చు. ఆ మనిషిని ఆ క్షణమే పెద్దాసుపత్రికి పంపాలి. ఇక్కడ మాత్రం ఈఎంఐ ఫారం ఇచ్చి కూర్చోబెడతారు.

పుట్టుకతోనే రెప్ప కంటిపాపను కప్పేసిన పిల్లకు ఏ ఆఫరూ రాదు. సకాలంలో ఎత్తకపోతే ఆ కంటికి చూపు సరిగా ఎదగదు. ‘పెద్దయితే అదే సర్దుకుంటుందిలే’ అని మేనత్త తీర్పు. ‘పెళ్లి చూపుల ముందు చేయిద్దాం’ అని నాన్న వాయిదా. అప్పటికి రెప్ప లేస్తుంది సరే, ఆ కంటికి పెళ్లికొడుకు మసగ్గానే కనిపిస్తాడు.